అర మిల్లీమీటరు అక్రోటు చెక్క

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాగ్వార్ కంపెనీ 1959లో మార్క్ 2 కారును విడుదల చేసింది. 1967 దాకా తయారైన ఆ బండి ఇప్పుడు ఎక్కడ ఆగి ఉన్నా, జనం ముందు బానెట్ వంపు చూసి, ఆ తర్వాత కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తారు. లోపలంతా చెక్క పనే. డ్యాష్‌బోర్డు, గ్లవ్ బాక్సు మూత, ముందద్దం కింద పట్టీ, తలుపుల పైఅంచులు అన్నీ అక్రోటు. దాదాపు అరవై ఏళ్లు గడిచాక చాలా బండ్లలో ఆ చెక్క మెరుపు పోయి, సన్నటి పగుళ్లు బారి, అక్కడక్కడ పొర లేచి ఉంటుంది. దాన్ని విప్పి మళ్లీ మెరుగుపెట్టడం ఓపికున్నవాళ్లకు సాధ్యమే. అయితే ఏ పని ముందో, ఏది వెనకో తెలియాలి.

చూడటానికి నిండు పలకలా ఉన్నా డ్యాష్‌బోర్డు నిండు అక్రోటు కాదు. ప్లైవుడ్ మీద అక్రోటు వెనీర్ అతికించి ఉంటుంది. దాని మందం సుమారు అర మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. ఒకే దుంగ నుంచి వరసగా కోసిన పొరలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరుస్తారు. అప్పుడు కుడివైపు చారలకు ఎడమవైపు చారలు అద్దంలో నీడలా జత కుదురుతాయి. అందుకే ఒక ముక్క పాడైందని దానికి మాత్రం కొత్త వెనీర్ వేస్తే అది మిగతా వాటిలో కలవదు. ఉన్న పొరను కాపాడుకోవడమే ఇక్కడ అసలు పని. మెరుపు ఆ తర్వాతి సంగతి. ఈ వరస తిరగబడినందువల్లే ఎన్నో మంచి డ్యాష్‌బోర్డులు పాడయ్యాయి.

పగుళ్లు మొదట వచ్చేది పైనున్న వార్నిష్‌లో. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కొత్తలో వార్నిష్ దానితో పాటు సాగుతుంది. ఏళ్ల తరబడి ఎండ తగిలాక గట్టిపడి, పెళుసెక్కి, చెక్క కదిలినప్పుడల్లా చిట్లుతుంది. ఆ సందుల్లోంచి తేమ దిగితే వెనీర్ కింద జిగురు వదులుతుంది. ముందద్దం కింద పట్టీ అన్నిటికన్నా ముందు పాడవడానికి కారణం ఇదే: నేరుగా ఎండ పడేది దాని మీదే.

ఇక విప్పడం. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీయాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిసి ఉంటుంది. అలవాటు కొద్దీ మైనస్ వైపు చెయ్యి పెట్టకుండా, బాడీకి బిగించి ఉన్నది ఏ కొనో చూసి దాన్ని ముందు విప్పండి. తిరిగి బిగించేటప్పుడు అదే చివర.

మార్క్ 2 తయారీదారులు మెకానిక్ మీద దయ చూపారు. మధ్యలోని మీటర్ల పలకకు పైన రెండు చేతిమరలు ఉంటాయి. వాటిని వేళ్లతో తిప్పితే పలక మొత్తం ముందుకు వాలి, వెనకున్న ఫ్యూజులు, వైర్లు కనిపిస్తాయి. ఏదీ ఊడదీయకముందే ఫొటోలు తీసుకోండి, నాలుగు వైపుల నుంచీ. బ్రిటిష్ బండ్ల వైరింగ్‌కు ఒక రంగుల లెక్క ఉంది: గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్త్. కానీ ఇన్నేళ్ల దుమ్ముకూ వేడికీ ఆ రంగులన్నీ ఒకటే మట్టిరంగుకు తిరిగి ఉంటాయి. కాబట్టి ప్రతి వైరుకూ చీటీ కట్టాలి. ఈ పనికి సగం రోజు పట్టినా పట్టనివ్వండి, బిగించే రోజున అది తిరిగి దక్కుతుంది.

స్పీడోమీటరు వెనక కేబుల్ మర వేళ్లతోనే వదులవుతుంది. స్విచ్చుల చుట్టూ ఉండే క్రోమ్ రింగులను ప్లయర్‌తో పట్టుకోవద్దు. వాటి గాట్లలో కూర్చునే పనిముట్టు దొరుకుతుంది, లేదా పాత పానా కొన అరగదీసి చేసుకోవచ్చు.

పలకలు బల్ల మీదికి వచ్చాక చాలామంది చెయ్యి ఉప్పుకాగితం మీదికి పోతుంది. అక్కడ ఆగాలి. పాత వార్నిష్ ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పల్చబడిందో కంటికి తెలియదు. రుద్దుతూ పోతే ఒకచోట వార్నిష్ ఇంకా ఉండగానే పక్కన వెనీర్ అరిగి కింది ప్లైవుడ్ బయటపడుతుంది. దానికి మందు లేదు. పాత పూతను పెయింట్ రిమూవర్‌తో మెత్తబరచి, మొద్దు అంచున్న స్క్రేపర్‌తో నార వెంట మెల్లగా లాగి తీయాలి. ఇది గాలి ఆడే చోట, చేతులకు తొడుగులతో చేసే పని. హీట్ గన్ కూడా పనిచేస్తుంది, కానీ వేడి ఎక్కువైతే వార్నిష్‌తో పాటు జిగురూ కరిగి వెనీర్ లేవవచ్చు.

పూత పోయాక మరల చుట్టూ నల్లటి మచ్చలు కనిపిస్తే కంగారుపడకండి. అవి కుళ్లు కాకపోవచ్చు. చెక్కలోని వగరు పదార్థం, ఇనుము, తడి కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వాడుకునేది ఈ గుణాన్నే: కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో గీస్తే గీత నల్లగా తేలుతుంది. డ్యాష్‌బోర్డు మీద అదే రసాయనం మనం కోరని చోట జరిగింది, అంతే. నీళ్లలో కలిపిన ఆక్సాలిక్ ఆమ్లం ఆ మచ్చను చాలావరకు తీసేస్తుంది. అది విషం. కళ్లకు, చేతులకు రక్షణ ఉండాలి, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. తర్వాత తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి బాగా ఆరనివ్వాలి.

లేచిన వెనీర్‌ను పీకవద్దు. ఉబ్బిన చోట పదునైన బ్లేడుతో నార వెంటే సన్నగా గీసి, సిరంజితో జిగురు ఎక్కించి, మైనపు కాగితం వేసి, పైన చదునైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయాలి. ముక్క ఊడిపోతే అతుకును చతురస్రంగా కోయకూడదు. నారకు అడ్డంగా పడిన తిన్నని గీత కంటికి ఇట్టే దొరుకుతుంది. పడవ ఆకారంలో, రెండు కొనలూ నార వెంట సాగేలా కోస్తే అతుకు చారల్లో కలిసిపోతుంది.

రంగు విషయంలో అక్రోటుది విచిత్రమైన స్వభావం. చాలా కలపలు వెలుతురుకు ముదురుతాయి, ఇది మాత్రం పాలిపోతుంది. కాబట్టి కళ్లముందున్న లేత రంగు ఫ్యాక్టరీ రంగు కాదు. మీటరు రింగు దాచిన వలయం మీద ఎండ పడలేదు కనుక అక్కడ పాత రంగు మిగిలే ఉంటుంది. స్టెయిన్ కలిపేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకుని చూడాలి. డబ్బా మీది బొమ్మను నమ్మకండి.

చివరిది పూత. చెక్క రంధ్రాలను లప్పంతో పూడ్చాక ఎనిమిదో పదో పల్చటి పూతలు వేసి, మధ్యమధ్య 400 నంబరు వాటర్ పేపరుతో తేలిగ్గా రుద్ది, చివర్లో 1200, 2000 నంబర్లతో నునుపు చేసి పాలిష్ పెట్టాలి. అంచుల దగ్గర చెయ్యి తేలాలి, పూత ముందు అరిగిపోయేది అక్కడే. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క ఎంత అందంగా ఉన్నా డ్యాష్‌బోర్డుకు పనికిరాదు, ఎండలో నిలిపిన కారు వేడికి లక్క మెత్తబడుతుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలీయురెథేన్ గట్టిగా నిలుస్తుంది. అయితే దాని గట్టిపరిచే ద్రవంలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆ ఒక్క పని తగిన స్ప్రే బూతు ఉన్నవారికి అప్పగించండి.

పూత చేతికి ఆరినట్టు తగిలినా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. తొందరపడి మీటర్లు బిగిస్తే రింగు అచ్చు శాశ్వతంగా పడిపోతుంది. కనీసం మూడు వారాలు ఆగండి. ఈలోగా రంధ్రాల లోపలి అంచుకు పట్టిన పూతను గీకేసి, ప్రతి మీటరూ దాని చోట సులువుగా కూర్చుంటోందో లేదో చూసుకోండి. బిగుతుగా ఉన్నదాన్ని బలవంతంగా నెడితే కొత్త పూత అక్కడి నుంచే చిట్లడం మొదలవుతుంది.