పాడుబడిన బోరుబావులు: చూచినవారు చెప్పవలెను



మెట్ట ప్రాంతములలో బోరు వేయని గ్రామము నేడు అరుదు. అయితే వేసిన ప్రతి బోరులోను నీరు పడదు. పడిన బోరు కూడ కొన్నేండ్లకు ఎండిపోవచ్చును. నీరిచ్చు బోరును రైతు కంటికి రెప్పవలె చూచుకొనును. డబ్బు పోగొట్టిన బోరువైపు మరల చూడడు. ప్రమాదమంతయు ఈ రెండవ దానిలోనే ఉన్నది. కేసింగు పైపును ఊడదీసికొని పోయినచో పైమట్టి విరిగి రంధ్రము మరింత వెడల్పగును. గడ్డి మొలచి కప్పివేసిన తర్వాత అక్కడ గొయ్యి ఉన్నదని పెద్దలకే తెలియదు. ఇక ఆడుకొను పిల్లలకు ఎట్లు తెలియును?

జరిగిన ప్రమాదములు

2006 జూలైలో హర్యానా రాష్ట్రము కురుక్షేత్ర జిల్లాలో ఐదేండ్ల బాలుడు సుమారు 60 అడుగుల లోతున చిక్కుకొనెను. సైనికులు ప్రక్కనుండి సొరంగము త్రవ్వి, రెండు దినములు శ్రమించి ప్రాణముతో బయటకు తీసిరి. ఆ అదృష్టము అందరికి దక్కలేదు. 2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ ప్రాంతమున బోరులో పడిన, రెండేండ్లయినను నిండని పసిపాప దక్కలేదు. 2019 అక్టోబరులో తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లాలో రెండేండ్ల బాలుడు పడగా, ప్రక్కన గొయ్యి త్రవ్వుటకు పెద్ద యంత్రములు తెచ్చినను రాతినేల అడ్డుపడెను. నాలుగు దినముల తర్వాత మృతదేహమే లభించినది. మన మెట్ట ప్రాంతములలో చాలచోట్ల అడుగున ఉన్నది రాతినేలయే అని మరువరాదు.

2020 మేలో మెదక్ జిల్లాలో మూడేండ్ల బాలుని బలిగొన్నది పాత బోరు కాదు. అప్పుడే వేసి, నీరు పడక విడిచిన బోరు. కాబట్టి బోరు బండి పొలము దాటకముందే రంధ్రమును మూయించుకొనవలెను.

ఒక లేఖ వలన వచ్చిన ఉత్తరువులు

పిల్లలు బోర్లలో పడుచున్నారని తెలుపుచు సుప్రీంకోర్టుకు ఒక లేఖ చేరినది. న్యాయస్థానము దానినే 2009లో పిటిషనుగా స్వీకరించి, 2010 ఫిబ్రవరి 11న, ఆగస్టు 6న అన్ని రాష్ట్రములకు వర్తించు ఉత్తరువులిచ్చినది. వానిలో రైతులు గుర్తుంచుకొనవలసినవి ఇవి:

1. బోరు వేయుటకు కనీసము 15 రోజుల ముందు సర్పంచికి గాని, సంబంధిత అధికారులకు గాని వ్రాతమూలకముగా తెలుపవలెను.
2. పని జరుగునప్పుడు చుట్టును ముళ్ళకంచె గాని, తగిన అడ్డు గాని కట్టవలెను. యజమాని, బోరు వేయువారి చిరునామాలతో బోర్డు పెట్టవలెను.
3. కేసింగు చుట్టు సిమెంటు దిమ్మ కట్టి, పైపుకు ఇనుప మూతను వెల్డింగు చేయించవలెను, లేదా బోల్టులతో బిగించవలెను.
4. మోటారు మరమ్మతుకు తీసినప్పుడు కూడ బోరును తెరచి ఉంచరాదు.
5. విడిచిపెట్టిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, గులకరాళ్ళతో నింపవలెను. నింపినట్లు ధ్రువపత్రము ఉండవలెను.
6. గ్రామములలో వీని పర్యవేక్షణ సర్పంచికి, వ్యవసాయశాఖ అధికారికి అప్పగింపబడినది. తనిఖీ అధికారము జిల్లా కలెక్టరుది.

నింపుట ఎంత పని?

ఆరున్నర అంగుళాల వెడల్పు, 300 అడుగుల లోతు గల బోరుకు సుమారు 70 ఘనపుటడుగుల మట్టి చాలును. ఇది ఒక ట్రాక్టరు లోడుకు మించదు. పెద్ద రాళ్ళు వేయరాదు. అవి నడుమ చిక్కుకొని అడుగున డొల్ల మిగులును. సన్నని గులక, ఇసుక, మట్టిని కొద్దికొద్దిగా పోయవలెను. మొదటి వాన తర్వాత మట్టి క్రుంగినచో మరల పోయవలెను. చెత్త, పురుగుమందుల డబ్బాలు వేసినచో భూగర్భజలము చెడిపోవును.

చూచినవారు చేయవలసినది

తెరచియున్న బోరును చూచి "ఎవరి పొలమో, మనకెందుకు" అని తప్పుకొనువారు ఎక్కువ. పొరుగువానితో మాట పడవలసి వచ్చునను మొహమాటము మరికొందరిది. కాని ఆ రంధ్రము తన పిల్లలను, పరుల పిల్లలను వేరుచేసి చూడదు.

మొదట యజమానికి చెప్పవలెను. బోరు వేసి అప్పులపాలైన రైతును నిందింపక, ఒక ట్రాక్టరు, ఇద్దరు మనుష్యులు తోడుపోయినచో పూటలో పని ముగియును. అంతవరకు బరువైన బండ కప్పి, చుట్టును ముళ్ళకంప వేయవలెను. గోనెపట్టా కప్పుట మరింత కీడు, రంధ్రము కనబడకుండ పోవును.

యజమాని వినకున్నచో సర్వే నంబరు, స్థలము, తేది వ్రాసి నలుగురి సంతకములతో సర్పంచికి, వ్యవసాయాధికారికి కాగితమిచ్చి రశీదు పొందవలెను. గ్రామసభలో ఆ కాగితమును చదివించవలెను. అప్పటికిని కదలిక లేనిచో కలెక్టరుకు వ్రాయవలెను. ఊరిలోని పనికిరాని బోర్ల జాబితాను గ్రామసభలోనే తయారు చేసికొనుట ఇంకను మేలు.

ప్రమాదము జరిగినచో

వెంటనే 112కు ఫోను చేయవలెను. జనమును దూరముగా నిలుపవలెను, అంచుపై బరువు పడినచో మట్టి జారి బిడ్డ మీద పడును. అధికారులు రాకముందు యంత్రములతో త్రవ్వరాదు. ఆ అదురుకు బిడ్డ ఇంకను లోతుకు జారవచ్చును. తల్లి గాని తండ్రి గాని పైనుండి మాట్లాడుచు ధైర్యము చెప్పవలెను. బోరు లోతు, కేసింగు పొడవు, నేల తీరు యజమానికే తెలియును. వానిని దాచక వెంటనే చెప్పవలెను.

బిడ్డ పడిన తర్వాత ఊరంతయు వచ్చి నిలబడును. ఆ ఊరిలో ఒక్కరు ముందుగా వచ్చి చెప్పియున్నచో ఒక ట్రాక్టరు మట్టితో తీరిపోవు పని అది. ఈ వారములోనే మీ పొలము గట్లవెంట ఒకమారు తిరిగి చూడుడు. కనబడిన దానిని కనబడినట్లు చెప్పుడు.