పండుగ దస్తర్‌ఖాన్‌పై కచుంబర్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో బక్రీద్ విందంటే మాంసాహారమే ముఖ్యం. పక్కన కాస్త కచుంబర్ ఉంటేనే నోటికి హాయి. ఉల్లి, కీరా, టమాటా, పచ్చిమిర్చి సన్నగా తరిగి, కొత్తిమీర, పుదీనా చేర్చండి. ఉప్పు ముందే కలిపితే ముక్కలు నీరు వదిలి మెత్తబడతాయి. కనుక ఉప్పు, నిమ్మరసం వడ్డించేటప్పుడే కలపండి.

మరొక్క మాట. పచ్చి ఉల్లి తిని, ఆ వాసనతో మసీదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. తోటి నమాజీలకు బాధ కలగరాదన్నదే అందులోని ఉద్దేశం. వండిన ఉల్లికి ఈ అభ్యంతరం లేదు. పండుగ నాడైనా జుహర్, అసర్ నమాజులు ఉంటాయి కదా! తరిగిన ఉల్లిని పావుగంట నీళ్లలో ఉంచి పిండితే ఘాటు తగ్గుతుంది గాని, వాసన పూర్తిగా పోదు. నమాజుకు వెళ్లేవారికి ఉల్లి లేకుండా, కీరా, టమాటాతో వేరే గిన్నెలో కలిపి పెట్టండి. ప్రవక్త (స) దోస జాతి కాయను తాజా ఖర్జూరాలతో తినేవారని హదీసుల్లో ఉంది. రుచీ దక్కుతుంది, జమాఅత్ మర్యాదా నిలుస్తుంది.