వంటనూనె, కొలెస్టరాల్, గుండె ఆరోగ్యం

దుకాణాలలో విక్రయించే వంటనూనె పొట్లాలపైన, సీసాలపైన 'కొలెస్టరాల్ లేదు' అన్న మాట పెద్ద అక్షరాలలో కనబడుతూ ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు. కాని అందువల్ల కొనుగోలుదారునికి తెలిసేదీ ఏమీ లేదు. కొలెస్టరాల్ జంతుసంబంధమైన ఆహారంలో మాత్రమే ఉంటుంది. పల్లీ, నువ్వు, కుసుమ, పొద్దుతిరుగుడు, కొబ్బరి, పామ్ వంటి మొక్కల నుండి తీసిన ఏ నూనెలోనూ అది చెప్పుకోదగినంత ఉండదు. అయినప్పటికీ వీటిలో కొన్ని నూనెలు రక్తంలోని కొలెస్టరాల్‌ను పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. ఈ భేదం ఎందువల్ల కలుగుతున్నదో గ్రహించిన కుటుంబం నూనెను ఎంచుకొనే తీరు, వాడే తీరు రెండూ మారుతాయి.

కొలెస్టరాల్ అంటే ఏమిటి?

కొలెస్టరాల్ శరీరానికి శత్రువు కాదు. ప్రతి కణం చుట్టూ ఉండే పొరకు అది అవసరం. ఆహారంలోని కొవ్వును జీర్ణం చేసే పైత్యరసం, కొన్ని హార్మోన్లు, విటమిన్ డి దాని నుండే తయారవుతాయి. శరీరానికి కావలసిన కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగాన్ని శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారుచేసుకుంటుంది. ఆహారం ద్వారా వచ్చేది తక్కువ భాగం.

కొవ్వు నీటిలో కరగదు. అందువల్ల అది రక్తంలో ఒంటరిగా ప్రయాణించలేక, మాంసకృత్తులతో కూడిన సూక్ష్మమైన రేణువుల రూపంలో సాగుతుంది. వీటిలో ఎల్.డి.ఎల్. రేణువులు కొలెస్టరాల్‌ను శరీర భాగాలకు చేరవేస్తాయి. ఇవి రక్తంలో మితిమీరినప్పుడు ధమనుల గోడలలోకి చొరబడి, ఏళ్ల తరబడి పేరుకొని, దారిని ఇరుకు చేస్తాయి. ఆ పేరుకొన్న పొర ఒకనాడు చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. గుండెకు వెళ్లే ధమనిలో ఇది జరిగితే గుండెపోటు, మెదడుకు వెళ్లే ధమనిలో జరిగితే పక్షవాతం సంభవిస్తాయి. హెచ్.డి.ఎల్. రేణువులు మిగులు కొలెస్టరాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చడంలో తోడ్పడతాయి. రక్తపరీక్ష పత్రంలో కనబడే మరొక పదం ట్రైగ్లిజరైడ్లు. ఇవి శరీరం ఇంధనంగా నిలువ ఉంచుకొనే కొవ్వులు.

సంతృప్త కొవ్వు ఏమి చేస్తుంది?

కాలేయ కణాల పైభాగంలో ఎల్.డి.ఎల్.ను పట్టుకొని లోపలికి తీసుకొనే గ్రాహకాలు ఉంటాయి. వీటిని కనుగొని, వాటి పనితీరును వివరించినందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఆహారంలో సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది. రక్తం నుండి ఎల్.డి.ఎల్. తొలగిపోక నిలిచిపోతుంది. సంతృప్త కొవ్వుకు బదులుగా అసంతృప్త కొవ్వు తీసుకొన్నప్పుడు ఎల్.డి.ఎల్. తగ్గుతుంది. నూనెలో కొలెస్టరాల్ లేకపోయినా రక్తంలో కొలెస్టరాల్ పెరగడానికి కారణం ఇదే.

కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. నేతిలో 60 శాతానికి పైగా, పామోలిన్‌లో 40 శాతానికి పైగా ఉంటుంది. పల్లీనూనెలో సుమారు ఐదవ వంతు, నువ్వులనూనెలో అంతకంటె కొంత తక్కువ, పొద్దుతిరుగుడు నూనెలో సుమారు పదవ వంతు ఉంటుంది. సోలాపూర్ ప్రాంతంలో పూర్వం నుండి వాడుకలో ఉన్న కుసుమనూనెలో, అనగా మరాఠీలో కరడీ నూనె అని పిలిచేదానిలో, సంతృప్త కొవ్వు పదవ వంతు కంటె తక్కువ. రోజూ తినే ఆహారపు శక్తిలో సంతృప్త కొవ్వుల వాటా 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

అంటే నేతిని పూర్తిగా మానవలెనని కాదు. వేడి అన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకోవడం వేరు, అదే పూట నేతి మిఠాయి, పామాయిల్‌లో వేగిన భజీ, బేకరీ ఖారీ తినడం వేరు. లెక్క రోజు మొత్తానికి చూసుకోవాలి. గుడ్డు విషయంలోనూ ఇంతే. గుడ్డు సొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉన్నప్పటికీ, చాలామందిలో రక్తంలోని ఎల్.డి.ఎల్.పై దాని ప్రభావం సంతృప్త కొవ్వు ప్రభావం కంటె తక్కువే. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ఎన్ని గుడ్లు తినవచ్చునో వైద్యుని అడిగి తెలుసుకోవడం మేలు.

వనస్పతి, మాడిన నూనె

అన్నిటికంటె హానికరమైనది ట్రాన్స్ కొవ్వు. ద్రవరూపంలోని నూనెను హైడ్రోజన్‌తో పాక్షికంగా గట్టిపరచినప్పుడు ఇది ఏర్పడుతుంది. ఇది ఎల్.డి.ఎల్.ను పెంచడమే కాక హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది కూడ. భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ నూనెలలోను, కొవ్వులలోను ట్రాన్స్ కొవ్వు పరిమితిని 5 శాతం నుండి 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించింది. వనస్పతి, బేకరీ కొవ్వు కొనేవారు పొట్లంపై ముద్రించిన ట్రాన్స్ కొవ్వు, సంతృప్త కొవ్వు అంకెలు రెండింటినీ చదవాలి. ట్రాన్స్ కొవ్వు తగ్గినా సంతృప్త కొవ్వు ఎక్కువగానే ఉండవచ్చు.

ఒకే నూనెను పలుమార్లు మరిగిస్తే అది విరిగి హానికర పదార్థాలు ఏర్పడతాయి. ఆ పదార్థాల మొత్తం 25 శాతం మించిన నూనెను ఆహార వ్యాపారులు వాడరాదన్న నిబంధన 2018 జూలై నుండి అమలులో ఉంది. ఇంటివద్ద కొలిచే సాధనం లేకపోయినా గుర్తులు స్పష్టమే. రంగు నల్లబడడం, చిక్కబడడం, నురుగు రావడం, తక్కువ వేడికే పొగ లేవడం కనబడితే ఆ నూనె వాడరాదు. సంక్రాంతి సకినాలకు వాడిన నూనె మిగిలితే వడగట్టి, ఒకటి రెండు రోజులలో పోపుకు, కూరకు వాడుకోవచ్చు. దానినే మళ్ళీ మళ్ళీ మరిగించడం, కొత్త నూనెలో కలపడం తగదు. పాడైన నూనెను మోరీలో పోయరాదు. అది చల్లారి, గడ్డకట్టి, మురుగు గొట్టాలను మూసివేస్తుంది. కొద్దిపాటి నూనెను పాతగుడ్డకో కాగితానికో పీల్పించి చెత్తలో వేయవచ్చు. హోటళ్లలో మిగిలిన నూనెను సేకరించి బయోడీజిల్ తయారుచేసే ఏర్పాటు దేశంలో ఉంది.

తప్పు నూనెది మాత్రమేనా?

నూనె తగ్గించి, ఆ స్థానంలో తెల్లని అన్నం, మైదా, చక్కెర పెంచితే మేలు కలగదు. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినచోట హెచ్.డి.ఎల్. సాధారణంగా తగ్గుతుంది, పొట్టచుట్టూ కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ ప్రభావం మందగిస్తుంది. దక్షిణాసియా ప్రజలలో ఈ లక్షణాలు అధికం. మనిషి చూడడానికి లావుగా లేకపోయినా ఈ స్థితి ఉండవచ్చు.

దీనిని గుర్తించడానికి వైద్యులు ఐదు అంశాలు చూస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉండడం, ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములు లేదా అంతకు పైన ఉండడం, హెచ్.డి.ఎల్. పురుషులకు 40 కంటె, స్త్రీలకు 50 కంటె తక్కువగా ఉండడం. రక్తపోటు 130/85 లేదా అంతకు పైన ఉండడం. పరగడుపున చక్కెర 100 లేదా అంతకు పైన ఉండడం. ఈ ఐదింటిలో మూడు ఉంటే గుండెజబ్బు, మధుమేహం వచ్చే ముప్పు అధికమని అర్థం. నడుము కొలవడానికి ప్రయోగశాల అక్కరలేదు, దర్జీ వాడే టేపు చాలు.

సోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబాలకు ఈ విషయం మరింత వర్తిస్తుంది. చేమగ్గం కాలితో, చేతితో ఒళ్లు వంచి చేసే పని. మరమగ్గం పనిలో శ్రమ తీరు మారింది. బీడీలు చుట్టే స్త్రీలు గంటల తరబడి కూర్చునే ఉంటారు. శ్రమ తగ్గినా తినే అన్నం, వాడే నూనె తగ్గకపోతే మిగిలిన శక్తి అంతా కొవ్వుగానే నిలువ ఉంటుంది.

వంటింటిలో చేయదగిన మార్పులు

మొదటిది కొలత. తక్కువ శ్రమ చేసే పెద్దవారికి రోజుకు 20 నుండి 25 గ్రాముల వంటనూనె సరిపోతుంది. చిన్న చెంచాతో కొలిస్తే సుమారు ఐదు చెంచాలు. నలుగురు పెద్దలు ఉన్న ఇంటికి నెలకు రెండున్నర నుండి మూడుంపావు లీటర్ల వరకు చాలు. నెల మొదట కొన్న నూనె ఎన్నాళ్లు వచ్చినదో వ్రాసుకొంటే ఇంటి వాడకం తెలుస్తుంది. డబ్బానుండి నేరుగా మూకుడులో పోయడం కంటె చెంచాతో వేయడం మంచిది.

రెండవది మార్పిడి. ఎల్లప్పుడూ ఒకే నూనెకు కట్టుబడక పల్లీ, నువ్వు, కుసుమ నూనెలను మార్చి మార్చి వాడవచ్చు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కెలోరీల శక్తి ఇస్తుంది. కావున 'మంచి నూనె' అని ఎక్కువ పోయడం తగదు.

మూడవది పీచు. పప్పులు, అలసందలు, మెంతులు, ఓట్లు, పండ్లలో ఉండే కరిగే పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకొని బయటికి పంపుతుంది. కొత్త పైత్యరసం తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను తీసుకొంటుంది. అన్నంలో కొంత తగ్గించి పప్పు, కూరలు పెంచడం, ఒక పూట జొన్నరొట్టె తినడం ఈ నగరంలో కష్టం కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన మంగళవేఢా జొన్నలు పండేది ఈ జిల్లాలోనే. పల్లీలు కూడ మంచివే. అయితే వాటి బరువులో దాదాపు సగం నూనే కనుక పల్లీ చట్నీని చట్నీగానే తినాలి, కూరగా కాదు.

పరీక్ష, వైద్యం

కొలెస్టరాల్ పెరిగినట్లు శరీరానికి తెలియదు. నొప్పి ఉండదు, నీరసం ఉండదు. రక్తపరీక్ష ఒక్కటే మార్గం. 30 ఏళ్లు దాటిన వారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా జరుగుతాయి. అక్కడికి వెళ్లినప్పుడు కొలెస్టరాల్ పరీక్ష గురించి కూడ అడగాలి. తండ్రికో, తల్లికో, తోబుట్టువులకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఇంకా ముందుగానే పరీక్ష అవసరం. కొన్ని కుటుంబాలలో అధిక ఎల్.డి.ఎల్. వంశపారంపర్యంగా వస్తుంది. అటువంటి వారికి పథ్యం మాత్రమే చాలదు.

వైద్యుడు మందు వ్రాసినచో, నూనె తగ్గించామన్న ధైర్యంతో దానిని మానరాదు. అంకెలు సరిగా వచ్చినవన్న కారణంతోనూ ఆపరాదు. ఆ అంకెలు సరిగా ఉన్నది మందు వల్లనే కావచ్చు. పొగాకు మానడం, రోజూ అరగంట వేగంగా నడవడం పథ్యానికి తోడైనప్పుడే ఫలితం పూర్తిగా దక్కుతుంది. ఇంటిలో ఒక్కరికే జబ్బు ఉన్నా మార్పు ఇంటిల్లిపాదికీ వర్తించాలి. ఒకే పొయ్యిమీద రెండు రకాల వంటలు ఎంతో కాలం సాగవు.