నవ్వడం కూడా పనే

గోల్కొండ కోటలో ద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు కొండ మీది బాలాహిసారులో వినిపిస్తుంది. చూడవచ్చినవాళ్లకు అదే మొదటిసారి. ఆయనకు మాత్రం ఆ పూట ఎన్నోసారో లెక్కే లేదు. అయినా మొహంలో ఆ హుషారు తగ్గకూడదు.

ఈ చాకిరీకి భావోద్వేగ శ్రమ అని పేరు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ డెల్టా విమానాల్లోని ఎయిర్‌హోస్టెస్‌లను పరిశీలించి, 1983లో వెలువరించిన పుస్తకంతో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో రెండు రకాలున్నాయన్నారామె. లోపల మండిపోతున్నా పెదాల మీద నవ్వు పులుముకోవడం ఒకటి, పైపై నటన. కేకలేస్తున్న ప్రయాణికుణ్ణి చూసి ‘పాపం, భయపడుతున్నాడేమో’ అనుకుని మనసునే మళ్లించుకోవడం రెండోది.

తేడా ఒంట్లోనే తెలుస్తుంది. మొహంలో ఏమీ కనబడనివ్వొద్దని చెప్పి కొందరికి సినిమా దృశ్యాలు చూపించారు మనస్తత్వవేత్తలు జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్. మొహం నిబ్బరంగానే ఉంది, కానీ గుండెనూ రక్తనాళాలనూ ఉత్తేజపరిచే నాడీవ్యవస్థ మరింత చురుకైంది. అలా అణచుకుంటున్నంతసేపూ చూసినవీ విన్నవీ సరిగా గుర్తుండవని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. గెస్ట్ చెప్పిన చిన్న కోరికను హోటల్ రిసెప్షన్‌లోని అమ్మాయి మరిచిపోయిందంటే, అది నిర్లక్ష్యమే అయ్యుండనక్కర్లేదు.

95 అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణలోనూ పైపై నటన ఎక్కువైన చోట అలసట, అసంతృప్తి ఎక్కువగా కనబడ్డాయి.

మరి నవ్వుతో పాటు ఈ కొలువుల్లో కావాల్సిన ఆత్మవిశ్వాసం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకరోజు శిక్షణలో దంచే ఉపన్యాసాల వల్ల పెద్దగా రాదు. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పాడు. తోటివాళ్లు నెగ్గుకురావడం చూడటం, మెచ్చుకోలు దాని తర్వాతే. ఒకే గది ఇద్దరికి బుక్కయిపోయిన రాత్రి తానే సర్దుబాటు చేసిన కుర్రాడు మర్నాడు కౌంటర్ దగ్గర నిలబడే తీరే వేరు. ప్రతిదానికీ ‘మేనేజర్‌గారిని అడగాలి సార్’ అనాల్సి వస్తే ఆ అనుభవం ఎన్నటికీ రాదు. రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లలో అతిథి ఇబ్బంది తీర్చడానికి ఉద్యోగి ఎవరినీ అడక్కుండా 2,000 డాలర్ల దాకా ఖర్చుపెట్టవచ్చన్న నియమం అందుకే ప్రసిద్ధం. మన దగ్గర అంత అక్కర్లేదు, ఉచితంగా ఓ కాఫీ ఇప్పించే అధికారమైనా ఇవ్వొచ్చు.

ఈసారి గోల్కొండ వెళ్తే చప్పట్ల దగ్గరే ఆగిపోకండి. అంత ఎత్తుకు మట్టిగొట్టాల్లో నీళ్లు ఎలా ఎక్కించేవారో గైడును అడగండి.