రోటోస్కోప్: కదిలే మనిషిని దృశ్యం నుంచి విడదీసిన యంత్రం

రోటోస్కోప్ నిర్మాణం చాలా సరళమైనది. వెనక ఒక ప్రొజెక్టర్, ముందు ఒక గాజు పలక, పలక మీద పల్చటి కాగితం. ఫిల్ములోని ఒక ఫ్రేము గాజు మీద పడుతుంది. చిత్రకారుడు అందులోని మనిషి రూపురేఖలను కాగితం మీద గీసుకుంటాడు. తర్వాత ఫిల్మును ఒక ఫ్రేము ముందుకు జరిపి, కాగితం మార్చి, మళ్లీ గీస్తాడు. అమెరికాలో పాపులర్ సైన్స్ పత్రికకు కళా సంపాదకుడిగా పనిచేసిన మాక్స్ ఫ్లైషర్ దీనిని రూపొందించాడు. పేటెంటుకు 1915లో దరఖాస్తు పెట్టుకోగా 1917లో మంజూరైంది.

అప్పటి కార్టూన్ బొమ్మల నడకలో కుదుపులు ఎక్కువగా ఉండేవి. ఫ్లైషర్ తన తమ్ముడు డేవ్‌కు బఫూన్ వేషం వేయించి ఫిల్ము తీశాడు. ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా గీయగా పుట్టిన బొమ్మే తర్వాత కోకో పేరుతో జనానికి పరిచయమైంది. ఎముకలు, కండరాలు ఉన్న మనిషిలాగే ఆ బొమ్మ కదిలింది. అందుకు పట్టిన శ్రమ మాత్రం తక్కువది కాదు. నేటి సినిమాల్లోలా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన చూస్తే నిమిషం నిడివికి 1,440 ఫ్రేములవుతాయి.

బొమ్మల కోసం పుట్టిన ఈ పద్ధతి, నటుడిని వేరే నేపథ్యంలో చూపించే ట్రిక్ ఫోటోగ్రఫీకి ఇంకా ఎక్కువగా ఉపయోగపడింది. గీసిన ఆకారం లోపల నల్లరంగు నింపితే అది మ్యాట్ అవుతుంది. కొత్త నేపథ్యాన్ని ముద్రించేటప్పుడు మ్యాట్ ఉన్నంత మేర వెలుతురు ఆగిపోతుంది. ఆ ఖాళీలో నటుడి బొమ్మను విడిగా ముద్రిస్తారు. మ్యాట్ అంచు వెంట్రుకవాసి తప్పినా తెరమీద నటుడి చుట్టూ గీత మెరుస్తుంది.

చేత్తో గీసే బాధ తప్పించడానికి నటుడి వెనక కట్టే రంగుతెరలు వచ్చాయి. 1940లో విడుదలైన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ కోసం లారీ బట్లర్ నీలితెర పద్ధతిని వాడి ఆస్కార్ అందుకున్నాడు. అయితే జుట్టు, పల్చటి బట్టల చుట్టూ నీలిఛాయ మిగిలిపోయేది. సోడియం దీపాల పద్ధతి దీనికి మంచి జవాబిచ్చింది. తెర మీద పడే పసుపు కాంతి దాదాపు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరే ఉంటుంది కాబట్టి, కెమెరాలోని పట్టకం ఆ ఒక్క కాంతినీ వేరు చేసి రెండో ఫిల్ము మీదికి పంపేది. షూటింగ్ జరుగుతుండగానే మ్యాట్ తయారయ్యేది. ‘ది బర్డ్స్’ (1963)లో కొట్టుకునే పక్షి రెక్కలకూ, ‘మేరీ పాపిన్స్’ (1964)కూ ఈ పద్ధతే వాడారు.

రంగుతెర ఎంత బాగా పనిచేసినా దాన్ని ముందే కట్టాలి. నడిరోడ్డు మీద, జనం మధ్యలో తీసిన షాట్‌కు తెర ఎక్కడుంటుంది? అందుకే రోటోస్కోప్ పని, అంటే రోటో, ఆగిపోలేదు. గాజు పలక స్థానంలో కంప్యూటర్ వచ్చింది, పెన్సిలు గీతల స్థానంలో జరపడానికి వీలైన వంపు గీతలు వచ్చాయి. నడిచే మనిషిని ఒకే గీతలో బంధించడం అనుభవం లేనివారు చేసే పని. నేర్పరి తల, మొండెం, భుజం, మోచేయి, అరచేయి అన్నిటికీ వేరువేరు గీతలు వేస్తాడు. కదలిక దిశ మారే ఫ్రేముల్లో వాటిని సరిచేస్తాడు, మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్ పూరిస్తుంది. వేగంగా ఊగే చేతికి కచ్చితమైన అంచే ఉండదు. అక్కడ చేయి, నేపథ్యం కలిసిపోయి ఉంటాయి. ఆ సగం పారదర్శకతను సరిగ్గా అంచనా వేయడంలోనే పనితనమంతా తెలుస్తుంది.

ఈ పనిలో పెద్ద భాగం భారతదేశానికి వచ్చింది. ‘లైఫ్ ఆఫ్ పై’ (2012)కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ గెలిచిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. విజువల్ ఎఫెక్ట్స్ రంగంలోకి వచ్చే యువతలో చాలామందికి రోటోయే తొలిమెట్టు. ఇంత ఓపిక కోరే పనికి దక్కే గుర్తింపు మాత్రం చాలా తక్కువ, ఇది అన్యాయం.

అడోబీ 2010లో తెచ్చిన రోటో బ్రష్ సాధనమూ, మెటా సంస్థ 2024లో విడుదల చేసిన శామ్ 2 లాంటి కృత్రిమ మేధ నమూనాలూ మనిషిని ఒకసారి చూపిస్తే తర్వాతి ఫ్రేముల్లో తామే వెంటాడుతాయి. మొదటి ముసాయిదాకు ఇవి చాలు. ఎగిరే జుట్టు, పొగ, గాజు, ఒకరినొకరు దాటుకుపోయే మనుషులు ఎదురైతే అంచు వణుకుతుంది, అప్పుడు మళ్లీ చేయి పెట్టక తప్పదు.

కాబట్టి ఇలాంటి పనిని ఫ్రీలాన్సర్‌కు అప్పగించేవారు నిడివిని మాత్రమే చెప్పి ధర అడగడం సరికాదు. ఫ్రేముల సంఖ్య, ఫ్రేములోని మనుషుల సంఖ్య, జుట్టు, కదలిక వేగం ధరను నిర్ణయిస్తాయి. వాట్సాప్‌లో కుదించిన కాపీ కాకుండా కెమెరా అసలు ఫైలునే పంపాలి. తిరిగి వచ్చేది ప్రోరెస్ 4444 లాంటి పారదర్శకతను మోసే ఫార్మాట్‌లో కావాలని ముందే చెప్పాలి, మామూలు ఎంపీ4లో ఆ సమాచారం నిలవదు. మొత్తం పని ఇచ్చే ముందు జుట్టు ఎగిరే, చేయి వేగంగా ఊగే రెండు మూడు సెకన్ల ముక్కకు డబ్బిచ్చి నమూనా చేయించుకుని, దాన్ని ముదురు రంగు మీదా లేత రంగు మీదా పెట్టి చూడాలి.