మీకు తెలుసా?

‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లో 1967లో శిథిలమై కనిపించిన ‘కాన్‌స్టెలేషన్’ అంతరిక్ష నౌక, నిజానికి దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ మోడల్ కిట్! సీరియల్‌లోని ప్రధాన నౌక ‘ఎంటర్‌ప్రైజ్’ పేరుతో ఏఎంటీ కంపెనీ తయారుచేసిన కిట్‌నే అతికించి, దెబ్బతిన్నట్టు మార్చి కెమెరా ముందు పెట్టారు. నౌకపై ఉండే నంబరు సంగతి ఇంకా ముచ్చటైనది. కిట్‌తో వచ్చిన 1701 స్టిక్కర్లలోని అంకెలనే అటూఇటూ మార్చి 1017 చేశారు. ఎంత చక్కని ఉపాయం!

అసలు ఎంటర్‌ప్రైజ్ మాత్రం ఎక్కువగా కలపతో చేసిన 11 అడుగుల నమూనా. లోపలి దీపాల వైర్లు ఎడమవైపు నుంచి బయటికి రావడంతో దాన్ని కుడివైపు నుంచే చిత్రీకరించేవారు. మరమ్మతుల తర్వాత 2016లో వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో దాన్ని మళ్లీ ప్రదర్శనకు పెట్టారు.