అరటి గెలకు విలువ పెంచుకోవడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అరటి గెల ధర ఎందుకు త్వరగా పడిపోతుందో చెప్పగలుగుతారు.
• అరటితో తయారుచేయగల వస్తువులను వివరించగలుగుతారు.
• ఇటువంటి పనిలో లాభనష్టాలను లెక్కవేయగలుగుతారు.

1. ధర ఎందుకు పడిపోతుంది?

ప్రపంచంలో అరటిని అత్యధికంగా పండించే దేశం మనదే. అయినా ఎకరం, అరెకరం వేసిన రైతుకు గిట్టుబాటు ధర చాలాసార్లు దక్కదు. దీనికి ముఖ్య కారణం సమయం. కోసిన తరువాత కూడా కాయ శ్వాసిస్తూనే ఉంటుంది. దాని నుండి ఇథిలీన్ అనే వాయువు వెలువడి కాయను పండిస్తుంది. సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చల్లదనంలో ఉంచితే తొక్క నల్లబడుతుంది. కాబట్టి ధాన్యంలాగా గెలను నిలవ చేసి, మంచి ధర కోసం వేచి ఉండటం సాధ్యం కాదు. గెలలన్నీ ఒకేసారి మార్కెట్‌కు వస్తే, వ్యాపారి చెప్పిన ధరకే ఇవ్వవలసి వస్తుంది.

అదే కాయను నిలవ ఉండే వస్తువుగా మార్చితే రైతుకు కొంత గడువు దొరుకుతుంది. ప్రాసెసింగ్ వల్ల కలిగే మొదటి మేలు ఇదే.

2. ఏమేమి తయారుచేయవచ్చు?

చిప్స్: కేరళలో నేంద్రన్ రకం పచ్చికాయలను పలుచగా తరిగి, కొబ్బరినూనెలో వేయిస్తారు. మన ప్రాంతంలో బొంత అరటి ఇందుకు పనికివస్తుంది. చల్లారిన తరువాత గాలి, తేమ చొరబడని సంచులలో కట్టాలి. లేకపోతే మెత్తబడి, ముక్క వాసన వస్తుంది.

పొడి: పచ్చికాయ ముక్కలను బాగా ఎండబెట్టి పిండి పట్టించవచ్చు.

ఎండు పండు: బాగా పండిన అరటిని తొక్క తీసి, దుమ్ము, ఈగలు చేరకుండా ఎండబెడతారు.

నార: అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక నరికిన బోదె చాలాచోట్ల వృథాగా పోతుంది. దాని పట్టల నుండి నార తీసి తాళ్లు, చాపలు, సంచులు చేయవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కోవిడ్ కాలంలో గ్రామీణ మహిళలు ఈ పని నేర్చుకుని ఆదాయం పొందారు.

3. లెక్క వేసి చూద్దాం

కిలో చిప్స్‌కు సుమారు 4 కిలోల పచ్చికాయలు కావాలి. ఈ కింది ధరలు లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి మాత్రమే.

కాయలు 4 కిలోలు (కిలో రూ.15): రూ.60
నూనె, ఉప్పు, వంటచెరకు, సంచి: రూ.70
కూలి: రూ.30
మొత్తం ఖర్చు: రూ.160
అమ్మకం ధర: రూ.200
మిగులు: రూ.40

కూలి డబ్బు కూడా ఊరిలోనే ఉంటుంది. భూమి లేని కుటుంబాలకు అది ఆధారం. కాని 5 కిలోలు చేసి 4 కిలోలే అమ్మగలిగితే, ఖర్చు రూ.800, రాబడి రూ.800. మిగులు సున్న! కనుక ముందు కొనేవారిని చూసుకుని, ఆ తరువాతే పొయ్యి వెలిగించాలి.

4. మేలు ఎవరికి?

వ్యాపారి చిప్స్ చేసి అమ్మితే రైతుకు దక్కేది గెల ధరే. రైతులు, మహిళలు సంఘంగా చేరి తామే తయారుచేసినప్పుడు మిగులు వారికి దక్కుతుంది. ఒక్కరు కొనలేని యంత్రాన్ని పదిమంది కలిసి కొనవచ్చు. ఆహార పదార్థాలు అమ్మేవారు ఆహార భద్రతా చట్టం ప్రకారం తప్పక నమోదు చేసుకోవాలి. శిక్షణ కోసం మీ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. తమిళనాడులోని తిరుచిరాపల్లిలో 1993లో ఏర్పడిన జాతీయ అరటి పరిశోధన కేంద్రం కూడా ఇటువంటి పద్ధతులపై పనిచేస్తోంది.

మీరు నేర్చుకున్నవి

గెల నిలవ ఉండదు. దానితో చేసిన వస్తువు కొంతకాలం నిలుస్తుంది. శుభ్రత, మార్కెట్, సంఘబలం మూడూ ఉంటేనే లాభం.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. గెలను ధాన్యంలాగా ఎందుకు నిలవ చేయలేము?
2. పై లెక్కలో కాయల ధర కిలోకు రూ.20 అయితే మిగులు ఎంత?
3. మీ ఊరిలో వృథాగా పోతున్న పంట భాగాలను రాయండి. వాటిలో ఒకదాని ఉపయోగాన్ని వివరించండి.

(2వ ప్రశ్నకు జవాబు: రూ.20)